మూడో చరణం

"మూడో చరణం తీసేస్తే పాట ఉంటుంది. తియ్యకపోతే నువ్వుండవు."

పాటల రికార్డులు తీసే హోలిస్ క్రెన్షా ఆ మాట అన్న మరుక్షణం వెర్నా టకెట్ గిటార్‌ని పెట్టెలో పెట్టుకుని అతని ఆఫీసు గదిలోంచి నడిచి వచ్చేసింది. అక్కడ కదా మనం ఆగాం. వస్తూ వస్తూ తలుపు కూడా వెయ్యలేదు. వేస్తే చప్పుడవుతుంది, చప్పుడైతే కోపం వచ్చిందనుకుంటాడు, అంత తృప్తి కూడా ఆ మనిషికి మిగల్చదలుచుకోలేదు.

ఆ పాట పేరు 'నాన్న ఊపిరి'. కెంటకీ కొండల్లో టర్కీపెన్ అనే బొగ్గు గనుల లోయలో పుట్టి, నాష్‌విల్ వచ్చి, ఊరూరా సంతల్లో, స్కూలు హాళ్ళలో, బార్లలో ఎవరో రాసిన ప్రేమపాటలు పాడీ పాడీ అలిసిపోయిన వెర్నా తన తండ్రి గురించి తనే రాసుకున్న పాట. మొదటి చరణంలో నాన్న నుదుటి మీద దీపం కట్టుకుని గనిలోకి దిగుతాడు. రెండో చరణంలో దగ్గు మొదలవుతుంది. మూడో చరణంలో గని కంపెనీ డాక్టరు ఎక్స్‌రే చూసి ఇది సిగరెట్ల దగ్గేనంటాడు. పోతూ పోతూ నాన్న కూతుర్ని పిలిచి, వాళ్ళు అబద్ధమాడారని నలుగురిలో పాడమ్మా అంటాడు.

క్రెన్షాకి గిట్టనిది అదే. బొగ్గు తవ్వే రాష్ట్రాల్లో ఒక్క రేడియో స్టేషన్ కూడా ఆ చరణం ఉన్న రికార్డుని ముట్టుకోదన్నాడు. "ఏడుపు అమ్ముడుపోతుంది తల్లీ. తగువు అమ్ముడుపోదు," అని నవ్వాడు కూడా.

పాట నాది, నేను పాడకపోతే వాడేం చేస్తాడులే అనుకుంది వెర్నా. ఆ ధీమా శనివారం మధ్యాహ్నం దాకా నిలబడింది.

ఆ రోజు ఆమె తను అద్దెకుంటున్న వీధి చివర, ఎప్పుడూ తినే చిన్న హోటల్లో కౌంటరు ముందు కూర్చుంది. మెత్తటి బన్నుల్లాంటి వేడివేడి బిస్కట్ల మీద తెల్లటి గ్రేవీ పోసి ఇచ్చారు. ఫోర్కు నోటి దగ్గరికి వెళుతుండగా, కాఫీ డబ్బాల పక్కనున్న రేడియోలోంచి వయొలిన్లు మోగాయి. ఒకటీ రెండూ కాదు, పెళ్ళి కేకుకి క్రీము పూసినంత దట్టంగా. ఆ క్రీము కిందనుంచి ఒక పల్లవి లేచింది.

తన పల్లవి.

పాడుతున్నది ఆర్డిత్. వెర్నా ఒక్కగానొక్క చెల్లెలు. ఇన్నేళ్ళూ వెర్నా పక్కన నిలబడి రెండో గొంతు కలిపిన పిల్ల. ఇప్పుడా గొంతు కింద ఇంకే గొంతూ లేదు. తనొక్కతే పాడుతోంది, ముందుకొచ్చి, నింపాదిగా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలని వెర్నా నేర్పిందో సరిగ్గా అక్కడే తీసుకుంటూ. మొదటి చరణం అయింది. రెండోది అయింది. వయొలిన్లు ఒకసారి ఉప్పొంగి పల్లవిని ఎత్తుకున్నాయి. పాట అయిపోయింది.

మూడో చరణం రాలేదు.

"మీరేగా పాడింది?" అంది కాఫీ పోసే ఆవిడ, కూజా పట్టుకుని మురిసిపోతూ. "గొంతు మరీ లేతగా వచ్చింది."

"నేను కాదు. మా చెల్లెలు."

"అబ్బ, ఎంత బాగా పాడిందో!"

"పాడుతుంది," అంది వెర్నా. "నేనే నేర్పాను."

రేడియోలో వ్యాఖ్యాత హుషారుగా చెబుతున్నాడు. ఆర్డిత్ టకెట్ ఇదే పాటని ఇవాళే, ఇంకాసేపట్లో, ప్రతివారం జరిగే శనివారం పాటల సభలో అందరి ఎదుటా పాడుతుందట. పిండి మిల్లు వాళ్ళ సౌజన్యంతో దేశమంతా వినొచ్చట. వెర్నా బిల్లు కట్టేసి గిటార్ పెట్టె అందుకుంది. బిస్కట్లు అలాగే ఉండిపోయాయి.

సభ జరిగే హాలు ఎర్ర ఇటుకల పాత కట్టడం. వెనక తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న కాపలాదారు ఆమెని చూసి లేచాడు. లేచాడే గాని తలుపుకి అడ్డం జరగలేదు, పక్కకీ జరగలేదు.

"నిన్ను రానివ్వొద్దన్నారు, వెర్నా."

"ఎవరు?"

"ఎవరో నీకు తెలుసుగా."

"మరి రానివ్వకు. నేను వెళుతుంటే గట్టిగా కేకెయ్యి. నీ పని నువ్వు చేసినట్టుంటుంది."

అతను కాసేపు తన బూట్లకేసి చూసుకున్నాడు. ఆ తర్వాత పక్క గోడకున్న పోస్టరేదో చాలా శ్రద్ధగా చదవడం మొదలెట్టాడు. వెర్నా లోపలికెళ్ళిపోయింది.

ఆడవాళ్ళు అలంకరించుకునే గదిలో ఆర్డిత్ ఒంటరిగా అద్దం ముందు కూర్చుని ఉంది. చేతుల పొడుగునా కుచ్చులు వేలాడే కొత్త నీలం గౌను. జుట్టు కొప్పుగా ఎత్తి కట్టారు. చెప్పులు మాత్రం విప్పేసి ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ అంతే, భయం వేస్తే ముందు చెప్పులు విప్పేస్తుంది. అద్దంలో అక్కని చూసింది. తల తిప్పలేదు.

"వచ్చావా? హోటల్లో విన్నావా, దారిలో విన్నావా?"

"తింటుంటే విన్నాను."

"అయితే తిండి పాడుచేశానన్నమాట."

"వేళాకోళాలు తర్వాత, ఆర్డీ. ఎన్నాళ్ళ కిందట రికార్డు చేశారు?"

"నువ్వు అక్కడినుంచి లేచి వచ్చేసిన మర్నాడు."

"మర్నాడే! నా కుర్చీ వేడి తగ్గిందో లేదో!"

"కుర్చీయా?" ఆర్డిత్ ఇప్పుడు తిరిగింది. "కుర్చీ గురించి నువ్వు మాట్లాడకు. పదేళ్ళ బట్టి నీ భుజం వెనక నిలబడి పాడుతున్నాను. నీ జడ తప్ప నాకు జనం మొహాలు ఎప్పుడైనా కనిపించాయా? ఒక్కసారి మైకు ముందు నేను నిలబడాలనిపించింది. ఏం, అనిపించకూడదా?"

"అనిపించాలి. నాతో అనాలి. జరుగుతానుగా!"

"నువ్వు? జరుగుతావా?" ఆర్డిత్ ఫక్కున నవ్వింది. ఆ నవ్వులో పుల్లటిదేదో ఉంది. "కారులో ముందు సీటే ఎప్పుడూ వదల్లేదు నువ్వు."

వెర్నాకి నోటిదాకా నవ్వొచ్చి ఆగిపోయింది. అది నిజమే.

"సరే, పాడుకో. నా పాటలన్నీ తీసుకో. కానీ నాన్నని సగానికి కోసి పాడతావా? వాళ్ళు చంపిన మనిషి గురించి పాడుతూ, చంపింది ఎవరో చెప్పే ముక్క వదిలేస్తావా? క్రెన్షా నీకేం చెప్పి ఒప్పించాడు?"

"క్రెన్షా ఒప్పించలేదు. ఆ చరణం పాడనని నేనే చెప్పాను."

వెర్నా గిటార్ పెట్టె కింద పెట్టింది.

"మళ్ళీ చెప్పు."

"నేనే చెప్పాను. ఆ చరణం లేకపోతే పాడతానని. ఆయన సంతోషంగా సరేనన్నాడు, అది వేరే సంగతి." ఆర్డిత్ గొంతు తగ్గింది. "అక్కా, నాన్న నీకు ఆ మాట ఎప్పుడు చెప్పాడు? నలుగురిలో పాడమ్మా అని?"

"అది పాట, ఆర్డీ."

"ఎప్పుడు చెప్పాడు?"

"చెప్పలేదు. చెప్పి ఉండేవాడు."

"నువ్వక్కడ లేవు."

"లేను. ఆ వారం టెక్సస్‌లో ఉన్నాను. ఆ సంగతి నాకు గుర్తుచెయ్యాలా?"

"నేనున్నాను. పక్క మార్చింది నేను. దుప్పట్లు ఉతికింది నేను. పడుకుంటే ఊపిరాడదని కుర్చీలో కూర్చోబెట్టి, రొమ్ముకి దిండు ఆనించి పట్టుకున్నది నేను. ఆఖరి రోజు నాన్న నీ పేరెత్తలేదు. పాట ఊసెత్తలేదు. డాక్టర్ని తిట్టలేదు. ఒక్కటే మాటన్నాడు." ఆర్డిత్ ఒక్క క్షణం పెదవి బిగపట్టింది. "ఎల్జీ ఊపిరి కూడా ఇలాగే ఉండేదే అన్నాడు. అంతే."

ఎల్జీ హాల్కమ్. ఎదురింటాయన. నాన్నతో ఒకే గనిలో, ఒకే వరసలో పనిచేసినవాడు. నాన్నకంటే ఆరేళ్ళు ముందు పోయాడు. చిన్నప్పుడు వెర్నాకి మొట్టమొదట బాంజో మీటడం చూపించింది ఆయనే.

"ఉంటుందిగా. ఇద్దరిదీ ఒకే జబ్బు."

"ఎల్జీది గని జబ్బు కాదన్నారు, నీకు గుర్తులేదా? పరిహారం కోసం కేసు వేశాడు. విచారణ జరిగింది. ఆ గనిలో దుమ్ము లేదు, నీళ్ళు చల్లుతూనే ఉంటారు, ఎల్జీ తాగుబోతు, అతనికి ముందునుంచీ దగ్గుంది అని కంపెనీ తరఫున ఒకడు సాక్ష్యం చెప్పాడు. ఎల్జీ పక్కన పనిచేసేవాడే. వాడి మాట మీదే కేసు కొట్టేశారు. ఎల్జీకి చిల్లిగవ్వ రాలేదు. ఆ చలికాలమే పోయాడు."

గదిలో వేడి బల్బుల చుట్టూ ఏదో పురుగు తిరుగుతోంది.

"ఆ సాక్షి పేరు నీకెవరూ చెప్పలేదు," అంది ఆర్డిత్. "లోయలో అందరికీ తెలుసు. నీకు చెప్పొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. పాటలు పాడుకునే పిల్ల, తండ్రి మీద గౌరవం పోగొట్టుకోకూడదని."

"నాన్నా?"

"నాన్నే."

వెర్నా గోడకున్న బల్ల మీద కూర్చుండిపోయింది. ఆమె కళ్ళముందు తండ్రి చెయ్యి మెదిలింది. చూపుడువేలు గోరు చితికి నల్లబడి ఉండేది. ఆ చెయ్యే బైబిల్ మీద పెట్టి ఉంటాడు.

"ఎందుకు?" అంది చివరికి.

"ఎందుకేమిటి? ఇల్లు కంపెనీది. సరుకులిచ్చే కొట్టు కంపెనీది. చెప్పకపోతే సామాను రోడ్డు మీద పడేస్తామన్నారు. అమ్మకి అప్పుడే ఆపరేషన్ అయింది. చెప్పాడు. చెప్పొచ్చిన రోజు నుంచి ఎదురింటి వైపు కిటికీ తెరవనివ్వలేదు." ఆర్డిత్ చెప్పులు వెతికి తొడుక్కోవడం మొదలెట్టింది. "ఎల్జీ భార్య ఒమా ఇంకా ఆ ఎదురింట్లోనే ఉంది. రేడియో వింటుంది. నువ్వేమో మా నాన్న సత్యసంధుడు, కంపెనీ డాక్టరు అబద్ధాలకోరు అని దేశమంతా వినేలా పాడతావు. ఆవిడ లేచి, అవునమ్మా, అబద్ధమాడారు, ముందు ఆడింది మీ నాన్నే అంటే? నాన్న పోయాక కూడా పదిమంది నోళ్ళలో నానాలా? ఆయన్ని కాపాడదామనే ఆ చరణం తీసేశాను. క్రెన్షా కోసం కాదు."

తలుపు తోసుకుని క్రెన్షా వచ్చాడు. పొట్టి మనిషి. ఎప్పుడూ ఇస్త్రీ నలగని బూడిదరంగు సూటు, చక్కగా దువ్విన తెల్ల జుట్టు. వెర్నాని చూసి ఆగాడు. ఆశ్చర్యపోలేదు.

"పిలుస్తున్నారు, ఆర్డిత్. వెళ్ళు. వెర్నా, తల్లీ, నువ్వొస్తావని నాకు తెలుసు. చెల్లెల్ని దీవించి వెళ్ళు. ఆ చరణం లేకపోతేనే పాట ఎంత నిండుగా ఉందో విన్నావుగా? జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. నీకింకో పాటుంటే తీసుకురా, నా తలుపు తెరిచే ఉంటుంది."

"నేనే తెరిచి వచ్చాను," అంది వెర్నా.

ఆర్డిత్ ఇద్దరినీ దాటుకుని వెళ్ళిపోయింది. దాటుతూ ఒక్క క్షణం అక్క భుజం పట్టుకుని వదిలింది.

"ఇంటికి పో," అన్నాడు క్రెన్షా, ఈసారి తల్లీ అనకుండా. "ఇక్కడ గొడవ చేశావంటే, ఈ ఊళ్ళో నీ గొంతు రికార్డు చేసే స్టూడియో ఒక్కటి కూడా ఉండదు. నేను చూసుకుంటాను."

ఆమె గిటార్ పెట్టె వైపు వంగింది. అతను ఆమె అణిగిందనుకున్నాడు. తృప్తిగా టై సర్దుకుని, పైనున్న అద్దాల గదిలోకి, ప్రసారం నడిపే చోటికి మెట్లెక్కి వెళ్ళాడు.

వెర్నా నిజంగానే వెళ్ళిపోదామనుకుంది. పెట్టె అందుకుని తలుపు వైపు నాలుగడుగులు వేసింది కూడా. స్టేజీ మీద ఫిడేలు ఎత్తుకుంది. చెల్లెలి గొంతు హాలంతా పరుచుకుంది. ఇక్కడ వయొలిన్ల క్రీము లేదు, ఫిడేలూ బాంజో పెద్ద బేస్ వాయిద్యమూ తప్ప. పాట తన అసలు మొహంతో వినిపించింది.

*నల్లకొండ కడుపులోకి నాన్న నడిచి వెళ్ళినాడు*
*నుదుటి మీద చిన్న దీపం, అదే తన సూర్యుడు*

వెర్నా తెర పక్కన నిలబడి వింటోంది. ఆర్డిత్ ఆ చరణం తీసేసింది నాన్నని కాపాడడానికి. క్రెన్షా తీసేసింది గని కంపెనీని కాపాడడానికి. కారణాలు వేరు, పని ఒక్కటే. మరి నేను రాసింది? నా చరణంలో నాన్న దేవుడు, డాక్టరొక్కడే అబద్ధాలకోరు. ఎల్జీ హాల్కమ్ అసలు లేనే లేడు. పక్కవాడి ఊపిరి మీద పక్కవాడి చేతే అబద్ధమాడించారే, ఆ నేరం మొత్తంగా మాయమైపోయింది. కంపెనీ చేసిన పనుల్లో అన్నిటికంటే నీచమైనదాన్ని, నాన్న బొమ్మ అందంగా రావాలని నేనే కప్పేశాను.

సిగ్గు వేడిగా చెవుల్లోకి పాకింది. ఆ సిగ్గు వెనకే కోపం వచ్చింది. ఇది హోటల్లో వచ్చిన కోపంలాంటిది కాదు. కాళ్ళకి బలాన్నిచ్చే కోపం. పెదాలు వాటంతటవే కదులుతున్నాయి. వరస తనదే, మాటలు కొత్తవి. పాట రాయడానికి ఎప్పుడూ వారాలు పట్టే మనిషికి, చెల్లెలు రెండో చరణం ముగించేలోపు ఆ మాటలన్నీ వచ్చి నోటి దగ్గర నిలబడ్డాయి.

గిటార్ పెట్టెలోంచి తీసి భుజానికి తగిలించుకుని స్టేజీ మీదికి నడిచింది.

జనం గుర్తుపట్టారు. టకెట్ అక్కచెల్లెళ్ళు కలిసి పాడబోతున్నారనుకుని చప్పట్లు కొట్టారు. వ్యాఖ్యాత కూడా అదేననుకుని పళ్ళన్నీ బయటపెట్టి చెయ్యి ఊపాడు. అద్దాల గది నెత్తిన ఎర్రదీపం వెలుగుతోంది. ప్రసారం నడుస్తోందని గుర్తు. పల్లవికి ముందు ఫిడేలు కాస్త సాగదీసింది. ఆ సందులో ఆర్డిత్ పెదాలు కదిలించీ కదిలించకుండా అంది.

"ఆ చరణం వద్దక్కా. నీకు దండం పెడతాను."

"అది కాదు. ఇంకోటి."

"ఏది?"

"నిజంది."

ఆర్డిత్ మొహం పాలిపోయింది. మైకుకి అడ్డం నిలబడింది. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. హాలు చప్పట్లు ఆపి కనిపెట్టుకుని ఉంది. ఫిడేలాయన ఏం చెయ్యాలో తెలీక అదే ముక్కని మళ్ళీ వాయించాడు. ఆర్డిత్ ఒక్క అడుగు పక్కకి వేసింది. ఒప్పుకుని వేసిందో, కాళ్ళాడక వేసిందో ఆమెకే తెలీదు.

వెర్నా పాడింది.

*పుస్తకంపై చెయ్యి పెట్టి నాన్న ఒట్టు వేసినాడు*
*పక్కవాడి రొమ్ములోన దుమ్ము లేదు లేదన్నాడు*

అద్దం వెనక క్రెన్షా చెయ్యి గాలిలోకి లేవడం, టక్కున దిగడం ఆమె చూసింది. ఎర్రదీపం ఆరిపోయింది. ఇప్పుడు దేశమంతా రేడియోల్లో పిండి మిల్లు ప్రకటన వినబడుతూ ఉంటుంది. ఫిడేలు ఆగింది. బాంజో ఆగింది. బేస్ వాయించే ముసలాయన మాత్రం దీపం వంక చూసి, వెర్నా వంక చూసి, తల అడ్డంగా ఊపి, వాయిస్తూనే ఉన్నాడు.

మైకు కూడా చచ్చిపోయింది. వెర్నా దాన్ని వదిలేసి స్టేజీ అంచుకి వచ్చింది. సంతల్లో మైకులు లేని రోజుల్లో పాడినట్టు, పొట్టలోంచి గొంతెత్తింది.

*ఆ దుమ్మే తన రొమ్ములో మూటగట్టి మోసినాడు*
*వాడి పేరే తలుచుకుంటూ ఆఖరి ఊపిరి విడిచినాడు*
*ఒట్టు వేసిన చెయ్యి నేడు మట్టి కింద ఉన్నది*
*ఒట్టు వేయించిన చెయ్యి ఇంకా గనిని తవ్వుతున్నది*

అయిపోయింది. చప్పట్లు లేవు. ముందు వరసలో ఎవరో గొంతు సవరించుకున్నారు. "కన్నతండ్రిని బజారుకీడుస్తావా, సిగ్గులేనిదానా!" అని ఒక లావాటి మనిషి లేచి పెళ్ళాం చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. అతని వెనక ఇంకో పది మంది లేచారు. అంతలో పైనెక్కడో బాల్కనీలో ఎవరో కాలితో చెక్కని తన్నారు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. ఇంకెవరో అందుకున్నారు. చూస్తుండగా హాలు సగం కాళ్ళతో నేలని దంచుతోంది. మిగతా సగం వాళ్ళని చూసి అరుస్తోంది. వెర్నా తల వంచి నమస్కారం చెయ్యలేదు. తిరిగి లోపలికి నడిచింది.

నడవాలో క్రెన్షా ఎదురొచ్చాడు. అతని తెల్లజుట్టు మొదటిసారి చెదిరి ఉంది.

"అయిపోయావు నువ్వు. వింటున్నావా? ఈ ఊళ్ళో నీ పేరు చెబితే తలుపులు మూసుకుంటాయి."

"మూసుకోనీ. నేను పుట్టింది తలుపు గడియ లేని ఇంట్లో. పాడడానికి నాకు నీ తలుపక్కర్లేదు."

"'నీ తలుపు' అంటున్నావే?"

"అవును. ఇన్నాళ్ళూ 'మీరు' అన్నాను. పొరపాటే."

"నన్నేమన్నావో అది సరే," క్రెన్షా ఊపిరి తీసుకుని, మెల్లగా, దాదాపు ఆనందంగా అన్నాడు. "నువ్వేం చేశావో నీకు తెలుసా? నేను ప్రసారం ఆపేసింది రెండో పంక్తి దగ్గర. మీ లోయలో వాళ్ళు విన్నది రెండే పంక్తులు. పక్కవాడి రొమ్ములో దుమ్ము లేదని మీ నాన్న ఒట్టేశాడు. అక్కడితో సరి. ఆ అబద్ధాన్ని నువ్వు మళ్ళీ దేశమంతటికీ చాటి చెప్పినట్టయింది. పోయి వాళ్ళ మొహాలు చూడు ఇప్పుడు!"

వెర్నా కళ్ళ ముందు లోయ మెదిలింది. ఎదురింటి ముందుగది, అందులో రేడియో, దాని ముందు ఒమా హాల్కమ్. ఆ రెండు పంక్తులు, ఆ తర్వాత గోధుమపిండి ప్రకటన. ఆర్డిత్ వెనకనుంచి వచ్చి గోడకి ఆనుకుని నిలబడింది. ఆమె అదే ఆలోచిస్తోందని మొహమే చెబుతోంది.

నడవా చివర టెలిఫోను దగ్గర కూర్చునే అమ్మాయి తల బయటికి పెట్టింది.

"వెర్నా టకెట్ ఎవరండీ? కెంటకీ నుంచి దూరపు కాల్. హాల్కమ్‌ట. పెద్దావిడ."

క్రెన్షా పెదవి చివర నవ్వు మొలిచింది. "వెళ్ళు మరి. నీ నిజానికి బహుమతి వచ్చింది."

"నేను మాట్లాడతానక్కా," అంది ఆర్డిత్.

"వద్దు. పాడింది నేను."

వెర్నా రిసీవరు అందుకుంది. అవతల ఊపిరి చప్పుడు. దాని వెనక ఏదో కొట్టు సందడి, అంతలోనే ఎవరో ఉష్ అన్నట్టు నిశ్శబ్దం. చాలామంది ఉన్నారక్కడ.

"ఒమా పెద్దమ్మా, నేను వెర్నాని."

"తెలుసు." ఆ గొంతులో ముసలితనం ఉంది గాని వణుకు లేదు. "పాట మధ్యలో తెగి పిండి ప్రకటన వచ్చింది. మా రేడియోలోనే అలా అయిందేమోనని కొట్లోకి వచ్చి అడిగాను. ఇక్కడా పాట తెగిపోయిందట. వాళ్ళు ఆపేశారు కదూ?"

"అవును పెద్దమ్మా. ఆపేశారు."

"ఆ తర్వాత ఏముంది?"

"ఇంకా నాలుగు పంక్తులున్నాయి."

"మా ఆయన ఉన్నాడా వాటిలో?"

"ఉన్నాడు."

క్రెన్షా ఒక అడుగు ముందుకేసి, కాల్ తెంపెయ్యడానికి టెలిఫోను మీదికి చెయ్యి చాచాడు. ఆర్డిత్ గోడ వదిలి వచ్చి, రెండు చేతులతోనూ అతని మణికట్టు పట్టుకుంది. కొత్త గౌను కుచ్చులు ఒకటి రెండు తెగి నేల మీద పడ్డాయి. ఆమె పట్టు సడల్లేదు.

"అయితే పాడు," అంది ఒమా. "ఇక్కడ అందరం వింటున్నాం. పాడాక నేను నీకొకటి చెప్పాలి. పోయే ముందు మీ నాన్న మా గడప తొక్కాడు. రెండు చేతికర్రల మీద, మంచులో వచ్చాడు. ఏమడిగాడో, నేనేమన్నానో, చివరికి నా చేతిలో ఏం పెట్టి వెళ్ళాడో ఇన్నేళ్ళూ నేనెవ్వరికీ చెప్పలేదు. మీ చెల్లికి కూడా తెలీదు. అది తర్వాత. ముందు నువ్వు పాడు."

వెర్నా రిసీవరుని రెండు చేతులా పట్టుకుని, గొంతెత్తింది.